హిమాలయన్ 411: లేహ్ నుంచి ఇంటికొచ్చిన ఆఖరి రోజు లెక్క

లదాఖ్ వెళ్లొచ్చిన బండి గురించి రాసేవాళ్లు చాలామంది ఖర్దుంగ్‌లా కనుమ బోర్డు దగ్గరే ఆగిపోతారు. ఎంత ఎత్తు ఎక్కిందో చెప్తారు, ఫొటో పెడతారు. అక్కణ్ణుంచి హైదరాబాద్ దాకా రావాల్సిన దాదాపు 2,800 కిలోమీటర్ల ఊసే ఉండదు. నన్నడిగితే టూరింగ్ బండికి అసలు పరీక్ష ఆ తిరుగు దారి, అందులోనూ ఆఖరి రోజు. అప్పటికి ఒళ్లు హూనమై ఉంటుంది, టైర్లు అరిగి ఉంటాయి, చైన్ సాగి ఉంటుంది, మనసు ముందే ఇంటికి చేరి ఉంటుంది. ఆ రోజు బండి మనిషిని ఎలా తెచ్చి దించిందో చూసే నేను మార్కులు వేస్తాను.

నాది ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక కొన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411. ఏళ్లుగా ఆఫీసుకూ అదే, ఊళ్లకూ అదే. మీటరు యాభై వేలు దాటింది. మనాలి మీదుగా లేహ్ ఎక్కి, శ్రీనగర్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని దిగాను.

కొండల సంగతి అందరూ రాసిందే, క్లుప్తంగా చెప్తాను. ట్యాంకు 15 లీటర్లు, నాకు మైలేజీ 30కి అటూ ఇటూ. తాండి బంకు దగ్గర ‘తర్వాతి బంకు 365 కిలోమీటర్లు’ అన్న బోర్డు ప్రసిద్ధం. దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు. ట్యాంకుకు రెండు పక్కలా ఉండే ఇనుప చట్రానికి ఒక క్యాన్ కట్టుకుంటే ధీమాగా పోవచ్చు. తంగ్‌లాంగ్‌లా కనుమ 5,300 మీటర్ల పైమాటే. అక్కడి పలచటి గాలిలో ఏ ఇంజినైనా నీరసపడుతుంది. ఇంజెక్షన్ కాబట్టి గాలికి తగ్గట్టు పెట్రోలు తనే తగ్గించుకుంటుంది, అయినా పికప్ బాగా పడిపోతుంది. కింది గేర్లలో ఓపిగ్గా ఎక్కించాల్సిందే. వాగు నీళ్లలో, గుండ్రాళ్ల మీద మాత్రం ముందున్న 21 అంగుళాల చక్రం విలువ ఏంటో తెలుస్తుంది.

ఇక ఆఖరి రోజు. నాగ్‌పూర్ నుంచి హైదరాబాద్ 500 కిలోమీటర్లు, నున్నటి రోడ్డు. ఈ బండి స్వభావం ఇక్కడే బయటపడుతుంది. ఉన్నది 24 హార్స్‌పవరే. వందా ఇరవై మీద పోవాలనుకునేవాళ్లు దీని జోలికి రావద్దు. 80, 90 మధ్య పట్టుకుని కూర్చుంటే పొద్దున్నించి చీకటి పడేదాకా అదే శ్రుతిలో లాగుతుంది. టార్కు, అంటే చక్రాన్ని తిప్పే బలం, 32 న్యూటన్ మీటర్లు, అదీ కింది ఆర్‌పీఎంలోనే అందుతుంది. లారీని దాటాలంటే ఐదులోంచి నాలుగో గేరుకు దించితే చాలు.

ఇంటి దారి పట్టిన రైడర్‌కి ఒక తొందర పట్టుకుంటుంది. పెన్‌గంగ వంతెన దాటి తెలుగు బోర్డులు కనపడ్డాయంటే చెయ్యి దానంతటదే యాక్సిలరేటర్ తిప్పుతుంది. ఇంకెంత, మూడొందలే కదా అనిపిస్తుంది. నీళ్లకు ఆగబుద్ధి కాదు, టీకి ఆగబుద్ధి కాదు. నాకు భయం వేసేది శ్రీనగర్ దారిలోని జోజిలా కనుమ బురదలో కాదు, ఈ మూడొందల కిలోమీటర్లలోనే. ఈ బండి ఆ తొందరకు లొంగదు. నిటారుగా కూర్చోబెడుతుంది, వెడల్పాటి హ్యాండిల్ భుజాల మీద భారం పడనివ్వదు, నడుం పట్టేస్తే ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి కాసేపు నడపొచ్చు. సోన్ దగ్గర గోదావరి దాటేసరికి కూడా మణికట్లు తిమ్మిరెక్కలేదు. ఆ ఒక్క సుఖానికే నేను దీనికి ఎక్కువ మార్కులు వేస్తాను.

ఆర్మూర్ దగ్గర గాలి చూపించుకుందామని పంక్చర్ షాపు ముందు ఆపాను. ఆ పిల్లాడు వెనక టైరు మీద అరచెయ్యి పెట్టి అడ్డంగా రాసి చూశాడు. “అన్నా, మధ్యల మొత్తం సాపైంది. అంచులు సూడు, కొత్తగనే ఉన్నయి,” అన్నాడు. వేల కిలోమీటర్లు తిన్నగా హైవే మీద నడిస్తే జరిగేది ఇదే. గుండ్రంగా ఉండాల్సిన టైరు నడుమ చదునైపోతుంది. తిన్నగా పోతున్నంతసేపూ తేడా తెలీదు. మేడ్చల్ దగ్గర సర్వీసు రోడ్డులోకి వంచగానే గట్టు అంచు మీంచి జారినట్టు బండి ఒక్కసారిగా ఒరుగుతుంది. తెలిసినవాడు నెమ్మదిగా వంచుతాడు, తెలియనివాడు ఉలిక్కిపడి బ్రేకు పడతాడు. అందుకే చెప్తున్నా, తిరుగు దారిలో రోజూ పొద్దున్నే వెనక టైరు మీద చెయ్యి రాసి చూసుకోండి.

టైర్లు ట్యూబువి కాబట్టి 21 అంగుళాల ముందు ట్యూబు ఒకటి వెంట ఉండాల్సిందే. చిన్న ఊళ్ల షాపుల్లో ఆ సైజు దొరకడం కష్టం. సెంటర్ స్టాండ్ ఉండటం గొప్ప మేలు. రాత్రి హోటల్ ముందు స్టాండేసి చక్రం తిప్పుతూ చైన్‌కు లూబ్ కొట్టుకోవచ్చు. అలా తిప్పేటప్పుడు చైన్ ఒకచోట బిగుతుగా, ఇంకోచోట వదులుగా తగిలితే దాని ఆయుష్షు అయిపోయినట్టే, ఎంత బిగించినా లాభం లేదు. చైన్ తిరిగే పళ్ల చక్రాలు, అంటే స్ప్రాకెట్లతో సహా సెట్టు మార్చాలి.

నన్ను నిజంగా విసిగించింది బండి కాదు, సామాను. పేరున్న కంపెనీదే అని కొన్న రెయిన్‌సూట్ మధ్యప్రదేశ్‌లోని సాగర్ దాటాక కురిసిన వానకు తొడల మధ్య కుట్ల దగ్గర కారింది. తడి ప్యాంటుతో సీటు మీద రోజంతా కూర్చుంటే చర్మం ఒరుసుకుపోయి ఆఖరి రోజు నరకమే. కొనేముందు ఆ కుట్ల మీద లోపలి నుంచి టేపు వేసి ఉందో లేదో తిరగేసి చూడండి. సైడ్ బ్యాగులు హ్యాండిల్ కన్నా వెడల్పు ఉండకూడదు. టోల్‌గేట్ల దగ్గర ఎడమ అంచున బైకులకు వదిలే సన్న దారిలో దిమ్మెకు రాసుకుంటాయి.

ఇంటికొచ్చాక ఇంజిన్ ఆయిలూ, బ్రేక్ ప్యాడ్లూ మార్పించాను. లేహ్ దారిలోని మోరే మైదానాల పిండిలాంటి దుమ్ముతో నిండిన ఎయిర్ ఫిల్టర్ తీసి పారేశాం. ఇంజిన్‌లో చెయ్యి పెట్టాల్సిన అవసరం రాలేదు.

2023 చివర్లో కొత్త హిమాలయన్ 450 వచ్చాక ఇక్కడ 411 అమ్మకం ఆగింది. ఇప్పుడు కావాలంటే సెకండ్ హ్యాండే. హైవే మీద వేగం కావాలంటే 450 తీసుకోండి. నాలా నింపాదిగా దూరాలు పోవాలనుకుంటే పాత 411 వెతకండి. చూసేటప్పుడు స్పానర్‌తో స్పోకులు ఒక్కోటీ తట్టండి. బిగుతుగా ఉన్నవి ఖంగుమంటాయి, వదులైనవి మొద్దుగా పలుకుతాయి. సెంటర్ స్టాండేసి ముందు చక్రం లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పండి. నడిమధ్యలో గాడిలో పడ్డట్టు తగిలితే కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, పోయినట్టే, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి.