నీళ్లు వంపకుండానే లీకు ఆపుకోనిచ్చే రేడియేటర్ వాల్వు

వేడినీళ్లతో గదిని వెచ్చబెట్టే రేడియేటర్‌కు, కారుతున్న పాత వాల్వు తీసేసి ఈ థర్మోస్టాటిక్ వాల్వు (గది వేడిని బట్టి తనంతట తానే తెరుచుకుని మూసుకునేది) పెట్టించాక కొన్ని చలికాలాలు గడిచాయి. గది వెచ్చదనం నిలకడగా ఉంచుతుంది, నిజమే. ఆ పని ఏ మంచి వాల్వైనా చేస్తుంది. నాకు దీని మీద ఇంత ఇష్టం కలిగించింది గ్లాండ్. వాల్వును తెరిచి మూసే పిన్ను చుట్టూ నీళ్లు బయటికి రాకుండా ఆపే ఆ చిన్న భాగాన్ని సిస్టమ్‌లో ప్రెషర్ ఉండగానే మార్చుకోవచ్చు.

పోయిన చలికాలం హెడ్ (వాల్వు పైన తిప్పే భాగం) కింద పచ్చటి చిలుము పట్టింది. చుక్క నీరు మాత్రం కనబడలేదు. వాల్వు వేడిగా ఉన్నంతసేపూ కారిన తడి ఎప్పటికప్పుడు ఆవిరైపోయి చిలుమే మిగులుతుంది, అందుకే లీకును చల్లారాకే వెతకాలి. పిన్ను దగ్గర, రేడియేటర్ వైపు నట్టుకు, పైపు నట్టుకు విడివిడిగా టిష్యూ చుట్టి వదిలేస్తే ఎక్కడిది తడిస్తే లీకు అక్కడే. తడిసింది పిన్ను దగ్గరిదే.

బాయిలర్ ఆపి, పైపులు చల్లారాక హెడ్ ఊడదీయాలి. అప్పుడు లోపలి స్ప్రింగు పిన్ను కింది కాడను పైకి నెట్టి, గ్లాండ్ కింద దారిని మూసేస్తుంది. చిన్న పానాతో గ్లాండ్ విప్పితే కొన్ని బొట్లు రాలతాయి, అంతే. కొత్తదాన్ని ముందు చేత్తోనే మర పట్టించి, చివర్లో పానాతో కాస్త బిగిస్తే చాలు. ఇత్తడి మర కదా, బలం ప్రయోగిస్తే చెడిపోతుంది. తర్వాత పిన్ను నొక్కి చూడాలి: 2-3 మిల్లీమీటర్లు దిగి, వదలగానే తనంతట తానే పైకి రావాలి. మామూలు వాల్వైతే ఇదే లీకుకు నీళ్లు వంపడం, మళ్లీ నింపి గాలి తీయడం, చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్‌కు తేవడం, వంపిన నీళ్లతో పోయిన ఇన్హిబిటర్ (తుప్పు పట్టనివ్వని మందు) మళ్లీ పోయడం, ఇంత తతంగం.

అయితే ఈ సుఖం గ్లాండ్ లీకు వరకే. పైపు నట్టు కారితే వాల్వును ఒక పానాతో కదలకుండా పట్టుకుని, ఇంకో పానాతో నట్టును పావు చుట్టు బిగించి చూడాలి. ఆగకపోతే నీళ్లు వంపక తప్పదు. రేడియేటర్‌లోకి వెళ్లే మర కారినా అంతే. దానికి మర తిరిగే దిక్కునే టెఫ్లాన్ టేపు 10-15 చుట్లు వేయాలి. నీళ్లలో నల్లటి మడ్డి ఉంటే కొత్త గ్లాండ్ రబ్బరు కూడా త్వరగానే అరిగిపోతుంది. వేసవిలో హెడ్‌ను పూర్తిగా తెరిచి ఉంచకపోతే పిన్ను పట్టేస్తుంది, గ్లాండ్ ఎంత మంచిదైనా.

రేడియేటర్ ఊడదీసేటప్పుడు మాత్రం హెడ్ మూసి ఉంది కదా అని నమ్మకండి. హెడ్ మీది మంచు గుర్తు దగ్గర పెట్టినా, గది సుమారు 7 డిగ్రీలకు చల్లబడితే అది తెరుచుకుంటుంది. హెడ్ తీసి దాని చోట మర మూత బిగించి, వాల్వు నోటికి బిరడా వేయాలి.

మాది మూసి ఉన్న ప్రెషర్ సిస్టమ్, ఒకసారి వంపితే పై అంతస్తులో అన్ని రేడియేటర్లకూ గాలి తీయాలి. కాబట్టి నాకిది బాగా కలిసొచ్చింది. రెండు మూడు రేడియేటర్లే ఉండి, డ్రెయిన్ కాక్ (నీళ్లు వంపే కుళాయి) చేతికందేలా ఉన్న ఇంట్లో దీనికి ఎక్కువ డబ్బు పెట్టమని చెప్పలేను. కొనేవాళ్లు అదే కంపెనీ గ్లాండ్ విడిగా దొరుకుతుందో లేదో ముందే కనుక్కుని, ఒకటి అదనంగా తెచ్చి పెట్టుకోండి. వేరే కంపెనీది దీనికి సరిపోదు.