టీవీ పిచ్‌కు ముందు నాలుగు శనివారాలు

వ్యాపారులు తమ సంస్థలో వాటా ఇస్తామంటూ పెట్టుబడిదారులను డబ్బు అడిగే టీవీ కార్యక్రమం, 2021 డిసెంబరులో మొదలైన షార్క్ ట్యాంక్ ఇండియాకు మా కందిపొడి, కరివేపాకు పొడుల వ్యాపారం తరఫున దరఖాస్తు చేయదలచి, బెంగళూరు కోరమంగళలోని ఒక పిచ్ (పెట్టుబడి కోరుతూ చేసే ప్రసంగం) శిక్షణ కేంద్రంలో నాలుగు శనివారాలు కూర్చున్నాను. అక్కడి లెక్కల పాఠం నిజంగా విలువైనది. 5 శాతం వాటాకు 50 లక్షలు అడిగితే సంస్థ విలువ 10 కోట్లని మనమే ప్రకటించుకున్నట్లని, ఏడాది అమ్మకాలు, స్థూల లాభం, ఒక్కో కొనుగోలుదారును రాబట్టడానికయ్యే ఖర్చు నోటికి రాకపోతే ఆ సంఖ్యను నిలబెట్టుకోలేమని శిక్షకుడు మా పొడి పొట్లం ధరతోనే విప్పి చెప్పారు. తెరమీద కుదిరిన ఒప్పందం చిత్రీకరణ తరువాత జరిగే పత్రాల పరిశీలనలో వీగిపోవచ్చని కూడా హెచ్చరించారు. హావభావాల సాధన మాత్రం దండగ. ఏ మాట దగ్గర కన్నీళ్లు పెట్టుకోవాలో నేర్పడానికి ఒక పూటంతా గడిపారు. రుసుము 12 వేలు. రశీదుకు మూడుసార్లు అడగవలసి వచ్చింది.