స్ప్లెండర్ కార్బురేటర్‌కు ఇంట్లోనే మరమ్మతు: పదమూడేళ్ళ అనుభవం తర్వాత

2008లో ఒంగోలులో కొన్న హీరో హోండా స్ప్లెండర్ ప్లస్ మీద నేను ఇప్పటికి లక్షా ఎనభై వేల కిలోమీటర్లకు పైగా తిరిగాను. ఐదంకెల మీటరు ఒకసారి సున్నాకు వచ్చి మళ్ళీ మొదలయింది. గాలిని, పెట్రోలును కలిపి ఇంజన్‌కు అందించే కార్బురేటర్ పనంతా తొలి నాలుగేళ్ళు మెకానిక్కులకే అప్పగించాను. 2012 నుంచి ఇంటి వెనక దొడ్లో నేనే చేసుకుంటున్నాను. ఈ పని ఇంట్లో చేసుకోదగినదేనా, ఎంతవరకు చేసుకోవచ్చు, ఎక్కడ ఆగాలి అనే విషయాల మీద ఇన్నేళ్ళలో నాకు ఏర్పడిన అభిప్రాయాన్ని రాస్తున్నాను. ముందే చెప్పాలంటే, చేసుకోదగిన పనే. అయితే చాలామంది మొదట చేసే పనిని, అంటే కార్బురేటర్ మీది సర్దుబాటు స్క్రూ తిప్పడాన్ని, అన్నిటికంటే చివర చేయాలి.

నా ఉద్యోగం చీమకుర్తిలోని ఒక గ్రానైటు పాలిషింగ్ యూనిట్‌లో. ఒంగోలు నుంచి పొదిలి రోడ్డు మీద రోజూ ఇరవై కిలోమీటర్లకు పైగా వెళ్ళి, మళ్ళీ అంతే దూరం తిరిగి రావాలి. గెలాక్సీ అనే నల్ల గ్రానైటు దిమ్మెలతో వెళ్ళే లారీల వెనక లేచే దుమ్ము మామూలు మట్టి లాంటిది కాదు. మెత్తగా ముఖానికి రాసుకునే పౌడరులా ఉండి, వేళ్ళ మధ్య నలిపితే గరగరలాడుతుంది. ఆ దుమ్ము ఎయిర్ ఫిల్టరును ముందుగా మూసేస్తుంది. గాలి తగ్గి, పెట్రోలు మాత్రం అంతే వస్తుంది కాబట్టి మిశ్రమం చిక్కబడి మైలేజీ పడిపోతుంది, ప్లగ్గు నల్లబడుతుంది. అప్పుడు కార్బురేటర్‌ది తప్పనుకొని దాన్ని విప్పితే ఒక పూట శ్రమ వృథా అవుతుంది. ఈ దారిలో తిరిగేవారు ఫిల్టరును పుస్తకంలో రాసిన గడువు కంటే చాలా ముందుగా చూసుకోవాలి. నేను రెండు వేల కిలోమీటర్లకు ఒకసారి తప్పకుండా చూస్తాను.

2012 వేసవిలో బండి స్లోలో, అంటే యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు, నిలబడటం మానేసింది. సిగ్నల్ దగ్గర ఆగితే ఆగిపోయేది, చోక్ లాగితే నడిచేది. ఇద్దరు మెకానిక్కుల దగ్గరికి వెళ్ళాను. ఇద్దరూ రెండేసి నిమిషాల్లో స్క్రూ తిప్పి, స్లో పెంచి పంపించారు. మూడు రోజులకే జబ్బు తిరగబెట్టింది. మూడోసారి ఒక పెద్దాయన దగ్గరికి వెళ్తే, ఆయన స్క్రూను ముట్టుకోకుండా అన్నమాట నాకు ఇప్పటికీ గుర్తుంది: “అబ్బాయ్, ముందు కింద గిన్నె విప్పి చూడు, స్క్రూ ఎక్కడికీ పోదు.” కార్బురేటర్ కింద పెట్రోలు నిలిచే ఆ గిన్నె విప్పితే, అడుగున బూడిద రంగు మడ్డి అరచెంచా దాకా ఉంది. స్లోలో పెట్రోలు వదిలే సన్నని రంధ్రపు ముక్కను, అంటే స్లో జెట్‌ను, ఆకాశం వైపు పెట్టి చూస్తే వెలుతురు కనబడలేదు. చోక్ లాగితే ఎందుకు నడిచిందో అప్పుడు అర్థమయింది. చోక్ గాలిని తగ్గిస్తుంది కనుక, జెట్ మూసుకుపోయి తగ్గిన పెట్రోలుకు తగినట్టుగా గాలి కూడా తగ్గి ఇంజన్ అప్పటికి సర్దుకుంది. ఆ రోజు ఆయన పక్కన కూర్చొని గంటసేపు చూసిన పనే నాకు తొలి పాఠం.

కార్బురేటర్‌లో మాయ ఏమీ లేదు. ఇంజన్ పీల్చే గాలి సన్నని గొంతు గుండా వెళ్ళేటప్పుడు వేగం పెరిగి పీడనం తగ్గుతుంది, ఆ తగ్గుదల గిన్నెలోని పెట్రోలును జెట్ల గుండా పైకి లాగుతుంది. గిన్నెలో పెట్రోలు మట్టం ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉండేలా దాని మీద తేలే ఫ్లోటు, ఫ్లోటు సూది చూసుకుంటాయి. ఇంటి పనికి నిజంగా అక్కరకు వచ్చే సంగతి మరొకటి ఉంది. యాక్సిలరేటర్ ఎంత తిప్పినప్పుడు ఇబ్బంది వస్తుందో దాన్ని బట్టి లోపం ఉన్న చోటు తెలుస్తుంది. స్లో నుంచి పావు వంతు దాకా స్లో జెట్, మిశ్రమం స్క్రూ పనిచేస్తాయి. పావు నుంచి ముప్పావు దాకా, యాక్సిలరేటర్‌తో పాటు పైకీ కిందికీ కదిలే స్లైడుకు వేలాడే పొడవాటి సూది, అది దిగే గొట్టం పనిచేస్తాయి. ఆపైన మెయిన్ జెట్ చూసుకుంటుంది. నేను హ్యాండిల్ పిడి మీద, దాని పక్కన కదలని భాగం మీద తెల్ల టేపు అంటించి పావు, అర, ముప్పావు గీతలు గీసుకున్నాను. బండి ఎక్కడ తడబడుతుందో గీతను చూసి చెప్పగలిగిన తర్వాత ఊహతో విప్పవలసిన అవసరం చాలావరకు పోయింది. ఖర్చు లేని ఈ ఉపాయం వల్ల నాకు కలిగిన మేలు ఏ పనిముట్టు వల్లా కలగలేదు.

పనిముట్ల విషయంలో ఒక్కదానికి మాత్రం డబ్బు పెట్టమని చెబుతాను. జపాన్ పద్ధతిలో తయారైన కార్బురేటర్ల మీద ఉండే ప్లస్ స్క్రూలు మామూలు స్టార్ స్క్రూడ్రైవర్‌కు సరిగ్గా నప్పవు. చూడటానికి ఒకేలా ఉన్నా, మామూలు డ్రైవర్ కొన గాడిలో పూర్తిగా దిగదు, బలంగా తిప్పితే జారి తలను కోసేస్తుంది. గిన్నె స్క్రూలలో రెండింటిని నేను అలాగే పాడుచేసుకున్నాను. జపాన్ కొలతకు చేసిన డ్రైవర్ వచ్చాక మళ్ళీ ఆ బాధ కలగలేదు. ఇక పది నంబరు పాన, సన్నని మైనస్ డ్రైవర్, కార్బురేటర్ క్లీనర్ స్ప్రే, సైకిల్ పంపు, తెల్ల పింగాణీ పళ్ళెం చాలు. తెల్ల పళ్ళెం ఎందుకంటే, కింద పడిన చిన్న వాషరు గానీ, గిన్నె నుంచి వచ్చిన మడ్డి గానీ దానిలో వెంటనే కనబడుతుంది.

ఒక జాగ్రత్తను మాత్రం గట్టిగా చెప్పాలి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, నేల మీద పాకుతూ దూరం పోతుంది. వంటింటి కిటికీ కింద గానీ, దేవుడి గది గుమ్మం దగ్గర గానీ, ఇన్వర్టర్ పెట్టిన వరండాలో గానీ ఈ పని చేయకూడదు. ఇంజన్ చల్లారాక, పెట్రోలు ట్యాపు కట్టేసి, ఆరుబయట చేయాలి. స్ప్రే ఒక రంధ్రంలో కొడితే మరో రంధ్రం నుంచి కంట్లోకి చిమ్ముతుంది కనుక కళ్ళద్దాలు తప్పనిసరి.

జెట్ల శుభ్రత దగ్గర నేను చేసిన పొరపాటు వల్ల ఏడాదిపాటు నష్టపోయాను. 2013లో స్లో జెట్ ఎంతకీ తెరుచుకోకపోతే పిన్నీసు మొనతో పొడిచాను. జెట్ ఇత్తడిది, పిన్నీసు ఉక్కుది. కంటికి కనబడనంతగా రంధ్రం పెరిగింది. బండి బాగానే స్టార్టయింది గానీ, అరవై దాటి ఇచ్చే మైలేజీ యాభై రెండుకు వచ్చింది. ఎన్నిసార్లు సర్దినా స్లోలో పొగ వాసన పోలేదు. కొత్త జెట్ వేశాకే బండి దారికి వచ్చింది. అప్పటినుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఏమిటంటే, జెట్లను విప్పి, స్ప్రేతో తడిపి, అరగంట వదిలి, పంపుతో గాలి కొడతాను. అప్పటికీ తెరుచుకోకపోతే కరెంటు వైరులోని సన్నని రాగి పోగు ఒక్కదాన్ని మాత్రం మెల్లగా దూరుస్తాను. స్ప్రే కొట్టేముందు రబ్బరు రింగులు, ఫ్లోటు తీసి పక్కన పెట్టాలి, లేకపోతే రింగులు ఉబ్బి మళ్ళీ గాడిలో కూర్చోవు. జెట్లు తీశాక బాడీలో ఉన్న గాలి దారులను కూడా శుభ్రం చేయాలి. చాలామంది జెట్లతో ఆపేస్తారు. నా అనుభవంలో చీమకుర్తి దుమ్ము పట్టేది ఎక్కువగా ఆ దారుల్లోనే.

పెట్రోలు కింద కారడం మరో తరచు జబ్బు. ఫ్లోటు సూదికి, దాని సీటుకు మధ్య ఇసుక రేణువు ఇరుక్కున్నా కారుతుంది, సూది కొన మీద అరిగి గీత పడినా కారుతుంది. గిన్నె విప్పే ముందు పానపిడితో గిన్నె మీద నెమ్మదిగా రెండుసార్లు తడితే రేణువు కదిలి కారడం ఆగిన సందర్భాలు నాకు ఉన్నాయి. ఆగకపోతే సూది మార్చాలి. ఇక్కడ చవక మరమ్మతు కిట్లకు లొంగవద్దు. ఒకసారి బజారులో చవగ్గా దొరికిన కిట్ కొన్నాను. దానిలోని జెట్ల మీద రంధ్రం కొలత తెలిపే అంకెలే లేవు, సూది రెండు వారాలకే కారింది. అంకె లేని జెట్ ఎంత పెట్రోలు వదులుతుందో తెలుసుకునే దారి మనకు లేదు.

మన ప్రాంతంలో కార్బురేటర్‌కు అసలైన పరీక్ష ఎండాకాలం కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే వాన కాలం. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు రెండు రోజులు మా వీధిలో బండి వానలోనే తడిసింది. ట్యాంకు మూత రబ్బరు గట్టిపడి ఉండటంతో నీళ్ళు లోపలికి దిగాయి. బండి స్టార్టయి, పది అడుగులు పోయి ఆగిపోయేది. గిన్నె అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ వదులు చేసి పెట్రోలును గాజు సీసాలోకి పట్టాను. సీసాను కదపకుండా ఐదు నిమిషాలు ఉంచితే అడుగున వేరే పొర తేరి కనబడింది. ఇథనాల్ కలిసిన పెట్రోలు కొంత తేమను తనలో ఇముడ్చుకుంటుంది, ఆ హద్దు దాటితే నీరు ఇథనాల్‌ను కూడా వెంటబెట్టుకొని అడుగుకు దిగుతుంది. ట్యాంకు అడుగున చేరిన ఆ పొరే ముందుగా కార్బురేటర్‌లోకి వస్తుంది. అందుకని అప్పుడు గిన్నె ఒక్కదాన్ని ఖాళీ చేసి లాభం లేదు, ట్యాంకు మొత్తం దింపాలి. ఆ తర్వాత మూత రబ్బరు మార్చాను. వాన కాలంలో నెలకోసారి సీసా పరీక్ష చేయడం అలవాటు చేసుకున్నాను. దీనికి కార్బురేటర్‌ను విప్పనవసరం లేదు, రెండు నిమిషాలు చాలు.

స్లో పెరిగి దిగకపోయినా, తనంతట తాను పెరిగి తగ్గుతున్నా స్క్రూ దగ్గరికి వెళ్ళకండి. కార్బురేటర్‌కు, ఇంజన్‌కు మధ్య ఉన్న ప్యాకింగు దగ్గర గాలి దూరుతోందేమో చూడండి. ఇంజన్ స్లోలో ఉండగా ఆ అతుకు మీద నాలుగు చుక్కల నీళ్ళు వేస్తే, గాలి పీలుస్తున్నప్పుడు శబ్దం మారుతుంది. ఇలాంటి లీకుకు చాలాసార్లు మన చేతులే కారణం. రెండు నట్లను అతిగా బిగిస్తే అల్యూమినియం అంచు విల్లులా వంగుతుంది. గాజు పలక మీద సన్న ఎమెరీ కాగితం పరచి అంచును రుద్ది చదును చేసుకోవడం నాకు రెండుసార్లు అవసరమయింది.

ఇవన్నీ అయ్యాకే మిశ్రమం స్క్రూ. విప్పే ముందే దాన్ని మెల్లగా లోపలికి తిప్పుతూ, తగిలే దాకా ఎన్ని చుట్లు పట్టిందో లెక్కపెట్టి గోడ మీదైనా రాసుకోవాలి. తగిలాక బిగించకూడదు, మొన చెడుతుంది. స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని అదుపు చేసేది, లోపలికి తిప్పితే మిశ్రమం చిక్కబడుతుంది. ఇంజన్ వైపు ఉంటే లోపలికి తిప్పితే పలచబడుతుంది. ఈ తేడా తెలియకుండా ఒక బండి మీద నేర్చుకున్నది మరో బండి మీద చేసేవాళ్ళను చాలామందిని చూశాను. పది నిమిషాలు నడిపి ఇంజన్ వేడెక్కాక, స్లో కొంచెం పెంచి, మిశ్రమం స్క్రూను పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ ఇంజన్ ఎక్కడ అత్యధిక వేగంతో, నిలకడగా తిరుగుతుందో అక్కడ ఆపాలి. తర్వాత స్లో స్క్రూతో వేగం దించాలి. ఈ ఇంజన్‌కు నిమిషానికి 1400 చుట్లు, ఒక వంద అటూ ఇటూగా ఉండాలి. బండికి ఆ మీటరు లేదు కాబట్టి చెవి అలవాటు పడాలి. చివరగా హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడాలి. స్లో మారితే కేబుల్ లాగుతోందని అర్థం.

సర్దుబాటు సరిగ్గా కుదిరిందో లేదో ఆ పూటే తేల్చుకోవద్దు. యాభై కిలోమీటర్లు మామూలుగా తిరిగాక ప్లగ్గు తీసి చూడండి. లేత గోధుమ రంగులో ఉంటే సరే, మసి పట్టి ఉంటే చిక్కన, తెల్లగా పాలిపోతే పలచన. పెట్రోలులో ఇథనాల్ పాలు 20 శాతానికి చేరిన తర్వాత నా ప్లగ్గు ఇంతకు ముందు కంటే తెల్లబడటం గమనించాను. ఇథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉంది, దానికి తక్కువ గాలి చాలు. జెట్ కొలత మారదు కనుక మిశ్రమం పలచనవుతుంది. స్క్రూను పావు చుట్టు మార్చాక స్లోలో తడబాటు పోయింది. మైలేజీ మాత్రం లీటరుకు మూడు, నాలుగు కిలోమీటర్లు తగ్గే ఉంది, దాన్ని స్క్రూతో తిరిగి తెచ్చుకోలేం.

శుభ్రత చేయలేని పని కూడా ఒకటుంది. 2019లో, లక్షా ముప్పై వేల కిలోమీటర్ల దగ్గర, సగం యాక్సిలరేటర్ మీద బండి ఉక్కిరిబిక్కిరి కావడం మొదలయింది. టేపు గీతల ప్రకారం లోపం స్లైడు సూది దగ్గర ఉంది. తీసి చూస్తే సూది ఒక పక్క మెరుస్తోంది, అది దిగే గొట్టం గుండ్రదనం పోయి కోలగా అరిగింది. స్లైడు వేలితో కదిపితే టకటకమంటోంది. అన్నేళ్ళు గ్రానైటు దుమ్ములో తిరిగిన బండికి అది సహజమైన అరుగుదలే. మూడు ఆదివారాలు దాన్ని బతికించడానికి ప్రయత్నించి, చివరకు కంపెనీ భాగమే కొత్తది వేయించాను. ఆ మూడు ఆదివారాల శ్రమ అనవసరమని ఇప్పుడు అనుకుంటున్నాను. స్లైడు వదులుగా ఆడుతున్న రోజునే మార్చవలసింది.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలతో ఈ తరగతి బండ్లకు కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. మా తమ్ముడి 2021 బండి అలాంటిదే. చలి ఉదయం చోక్ లేకుండా స్టార్టవుతుంది, ఎండాకాలం, వానాకాలం అనే తేడా దానికి లేదు, ఆ సుఖాన్ని కాదనలేను. కానీ తుపాను నీళ్ళు దానిలో చేరినప్పుడు బండిని ఆటోలో ఎక్కించి సర్వీసు సెంటరుకు తీసుకెళ్ళక తప్పలేదు. నేను అదే వారంలో దొడ్లో కూర్చొని గిన్నె, ట్యాంకు ఖాళీ చేసి నీళ్ళు దింపుకున్నాను.

గత ఏడాది ఈ పనికి నాకు అయిన ఖర్చు ఒక స్ప్రే డబ్బా, ఒక గిన్నె రబ్బరు రింగు, ఒక ఫ్లోటు సూది. విప్పిన ప్రతిసారీ తేదీ, మీటరు అంకె, స్క్రూ చుట్లు, గిన్నెలో ఏం దొరికిందో ఒక పాత డైరీలో రాసి పెడుతున్నాను. కొత్తగా మొదలుపెట్టేవారు మొదటి ఆదివారం ఏమీ విప్పకుండా, హ్యాండిల్‌కు టేపు గీతలు వేసుకొని, డ్రెయిన్ స్క్రూ కింద సీసా పట్టి చూడటంతో ఆపండి. మడ్డి గానీ నీరు గానీ కనబడితే, రెండో ఆదివారం గిన్నె విప్పండి.