ఫైబర్ బోటుకి కొత్త ఇంజిన్: టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా?

చేపల బోటు వెనక తగిలించే ఇంజిన్‌ని 9.9 హార్స్‌పవర్ నుంచి 15కి మారుద్దామనుకునేవాళ్లకి వచ్చే మొదటి ప్రశ్న ఇదే. టూ స్ట్రోక్ బరువు తక్కువ. ఒడ్డుకి రాగానే విప్పి భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. కానీ 25 లీటర్ల పెట్రోల్‌కి అర లీటరు ఆయిల్ కలపాలి. తెల్లవారుజామున తొందరలో మర్చిపోతే పిస్టన్ పట్టేస్తుంది. మాకోసారి అదే జరిగి, తెడ్లు వేసుకుంటూ ఒడ్డు చేరాం. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

ఫోర్ స్ట్రోక్‌కి ఆ కలిపే పని లేదు. బరువు 10 కిలోలకు పైగా ఎక్కువ, ధరా ఎక్కువే. అయితే పెట్రోల్ బాగా ఆదా, పొగ తక్కువ. ఇంజిన్ లోపలి ఆయిల్ మాత్రం 100 గంటలు నడిచాక ఒకసారి మార్చాలి. విప్పిన ఇంజిన్‌ని ఎటు పడితే అటు పడుకోబెడితే ఆ ఆయిల్ సిలిండర్‌లోకి దిగుతుంది.

రోజూ వేటకెళ్లేవాళ్లకి నేను ఫోర్ స్ట్రోకే చెబుతాను. ముందు ఇంజిన్ బిగించే బోటు వెనక చెక్క ఆ బరువుకి ఆగుతుందో లేదో చూసుకోండి.