పదేళ్లు దాటిన మిక్సీ: మోటారు బాగానే ఉంది, గోలంతా స్విచ్‌తోనే

మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు మీదున్న పర్లాకిమిడి. 2014 దసరాకి కొన్న మూడు జార్ల 750 వాట్ల మిక్సీ ఇది. కంపెనీ పేరు రాయను. రాసినా ఉపయోగం లేదు, ఆ మోడల్ ఆపేశారు. మా ఇంట్లో దీనికి సెలవు ఉండదు. దోసెల పిండి, పచ్చళ్లు, పొడులు, పనసపొట్టు దొరికే రోజుల్లో ఆవముద్ద, అన్నీ ఇందులోనే. ఒకసారి పసుపు కొమ్ములు కూడా వేశాను. అది నా తప్పే.

నలగడంలో వంక పెట్టడానికి లేదు. మినపప్పు ఇప్పటికీ వెన్నలా వస్తుంది. చప్పుడు మాత్రం మొదటి రోజు నుంచీ ఎక్కువే.

మూడో ఏడు కప్లర్ పళ్లు అరిగిపోయాయి. జారు కింద చక్రంలా ఉంటుందే, అదే. సరిహద్దుకి అటు, ఆంధ్రలోని పాతపట్నంలో పాత మెకానిక్ బాబాయ్ ఒకాయన ఉన్నాడు, 40 రూపాయలకి వేసిచ్చాడు. నేను అంతకుముందే ఇంట్లో విప్పబోయి చెయ్యి నొప్పి పుట్టించుకున్నాను. మా మిక్సీలో ఆ మర తిరగేసి ఉందట. మనం బిగించే వైపు తిప్పితే ఊడుతుంది. "నువ్వు ఇంకా బిగించేసినావమ్మా" అని నవ్వాడు. జారులో ఏదైనా అడ్డుపడి బ్లేడు ఆగిపోయినప్పుడు మోటారు కాలిపోకుండా ముందు ఈ ప్లాస్టిక్ ముక్కే అరగాలట. అంటే పాడైపోవడమే దాని ఉద్యోగం. అలాంటి ముక్క ఏ కొట్లోనైనా దొరకాలి కదా? అది దొరికింది, తర్వాత స్విచ్చే దొరకలేదు.

2019లో అడుగున గాలి సందుల్లోంచి నీలం నిప్పురవ్వలు కనిపించాయి. కార్బన్ బ్రష్‌లు, అంటే మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు, అరిగిపోయాయి. బాబాయ్ బయటికి తీసి అరచేతిలో పెట్టాడు. రెండూ కంది గింజంత మిగిలాయి, చివర అద్దంలా నునుపు. కొత్తవి కప్లర్ కంటే కాస్త ఎక్కువ ధర, అంతే. మధ్యలో చిన్న జారు అడుగున బ్లేడు ఇరుసు తిరిగే బుష్ పోయి కొబ్బరి పచ్చడిలో నల్లటి జిడ్డు దిగింది, అదీ బాగయింది. ఇంకో మాట, మిక్సీ ఉన్నట్టుండి ఆగిపోతే కంగారు పడకండి. అడుగున ఎర్ర బటన్ ఉంటుంది, కాసేపు చల్లారనిచ్చి నొక్కండి. మా పక్కింటావిడ ఇది తెలియక మంచి మిక్సీని పాత సామాన్లవాడికి వేసేయబోయింది.

అసలు కష్టం 2023లో మొదలైంది. తిప్పే స్విచ్ లోపల విరిగింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే పిన్‌కోడ్ అడిగి, మీది బరంపురం సెంటర్ కిందికి వస్తుంది అన్నారు. శ్రీకాకుళం మాకు దగ్గర కదా అంటే, అది వేరే రాష్ట్రం మేడమ్ అన్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు పడింది, పాతపట్నం అటు ఉండిపోయింది. ఆ గీత ఇన్నేళ్లకి నా మిక్సీ మీదుగా పోతుందని ఎవరనుకున్నారు!

బస్సులో మిక్సీని ఒళ్లో పెట్టుకుని బరంపురం వెళ్లాను. అక్కడి కుర్రాడు మూత కూడా తెరవలేదు. స్విచ్ విడిగా రాదు, అడుగు భాగం మొత్తం ఒకే సెట్టు, ఆ సెట్టు కూడా రావడం లేదు అన్నాడు. "ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయండి, 500 తగ్గిస్తాం." ఆడుతున్న మోటారుకి, కొత్తగా వేసిన బ్రష్‌లకి కలిపి 500.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న మొదలుపెట్టిన రైట్ టు రిపేర్ (బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ కూడా చూశాను. వ్యవసాయ పనిముట్లు, ఫోన్లు, వాహనాలతో పాటు ఇంటి సామాన్లూ అందులోకి వస్తాయి. ఆశగా తెరిచాను. నా మోడల్ స్విచ్ ఎక్కడ దొరుకుతుందో మాత్రం తేలలేదు.

చివరికి మళ్లీ బాబాయ్ దగ్గరికే. "ఏటమ్మా, బరంపురం గాలి తిరిగొచ్చినావా?" అన్నాడు. అడుగు స్క్రూలకి మూడు మూలల తలలు, మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు. ఆయన పాత స్క్రూడ్రైవర్ మొన ఆకురాయితో అరగదీసి విప్పాడు. చచ్చిపోయిన ఇంకేదో మిక్సీ స్విచ్ తీసి అతికించాడు, నాబ్ లోపల సన్నగా చెక్కి తొడిగాడు. మొత్తం 150 తీసుకున్నాడు. నాకే సిగ్గేసి 200 ఇచ్చాను.

ఒక్కటే తేడా. ఆ స్విచ్ వరస వేరు కాబట్టి ఒకటి మీద పెడితే మూడో వేగం, మూడు మీద పెడితే మెల్లగా తిరుగుతుంది. నాబ్ పక్కన మార్కర్‌తో రాసి పెట్టాను కానీ, తడి గుడ్డతో తుడిచి తుడిచి చెరిగిపోయింది. మొన్న మా ఆడపడుచు వచ్చి, మెల్లగానే కదా అని ఒకటి మీద పెట్టి, మూత సరిగ్గా పట్టుకోకుండా టమాటా పచ్చడి వేసింది. వంటగది గోడ మీద మచ్చ ఇంకా పోలేదు.