ఉద్యోగ వేటలో ఉత్సాహం పోయినప్పుడు: హాస్టల్లోనే ఉండాలా, చిన్న ఉద్యోగంలో చేరాలా, ఊరెళ్ళాలా?

హైదరాబాద్‌లో అమీర్‌పేట, ఎస్.ఆర్.నగర్ హాస్టళ్ళలో ఉంటూ చాలాకాలంగా ఉద్యోగం వెతుకుతున్న పిల్లలు నన్ను తరచూ అడిగేది ఇదే. "అన్నా, అప్లై చేయడానికి కూడా మనసు రావట్లేదు. ఇక్కడే ఉండి ఇంకో కోర్సు చేయనా? దొరికినదాంట్లో చేరిపోనా? కొన్నాళ్ళు ఇంటికెళ్ళి రానా?" మా ఆఫీసులో ఇంటర్వ్యూలు చేసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి అడుగుతారు. మూడు దారుల్లో వెళ్ళినవాళ్ళనూ చూశాను. చాలామందికి చిన్న ఉద్యోగమే మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను. అయితే అది ఎలాంటి ఉద్యోగమన్నది చాలా ముఖ్యం.

ముందు, ఉత్సాహం ఎందుకు పోతుంది? ఇంట్లోవాళ్ళు బద్ధకం అనుకుంటారు. అది బద్ధకం కాదని ఒక పాత పరిశోధన చూపించింది. ఆస్ట్రియాలో మారియెంతాల్ అని ఒక ఊరుంది. 1930 ప్రాంతంలో అక్కడి బట్టల మిల్లు మూతపడి దాదాపు ఊరంతా పని పోగొట్టుకుంది. మారీ యహోదా, మరికొందరు పరిశోధకులు ఆ ఊరిని దగ్గరగా గమనించి 1933లో వివరాలు ప్రచురించారు. చేతినిండా తీరిక ఉన్నా జనం గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకెళ్ళడం తగ్గిపోయింది. మగవాళ్ళు వీధిలో నడిచే వేగం కూడా తగ్గింది. రోజంతా ఏం చేశారంటే సరిగ్గా చెప్పలేకపోయారు. పని అనేది జీతంతో పాటు రోజుకొక క్రమాన్ని, ఇంటి బయట మనుషుల్ని, నలుగురితో కలిసి ఏదో చేస్తున్నామన్న భావాన్ని ఇస్తుందని యహోదా తర్వాతి కాలంలో వివరించారు. అవన్నీ ఒకేసారి పోతే ఎంత చురుకైనవాళ్ళయినా నీరసపడతారు. అందుకే ఈ మూడు దారుల్నీ నేను ఒకే ప్రశ్నతో చూస్తాను: పొద్దున లేచి మీరు వెళ్ళాల్సిన చోటు, మీకోసం ఎదురుచూసే మనిషి ఉన్నారా?

హాస్టల్లో ఉండి పూర్తి సమయం వెతకడం మొదటి కొన్ని నెలలు బాగానే పనిచేస్తుంది. క్లాసు ఉంటుంది, బ్యాచ్ ఉంటుంది, పక్క మంచం మీదివాడు వాక్-ఇన్ వార్త చెబుతాడు. మెట్రో రెడ్ లైను, బ్లూ లైను కలిసేది అమీర్‌పేటలోనే. రాయదుర్గం ఇంటర్వ్యూకైనా, ఎల్బీనగర్ ఇంటర్వ్యూకైనా అక్కడే రైలెక్కొచ్చు. ఒక కోర్సు సగంలో ఉంటే, చేతిలో ప్రాజెక్టు ఉంటే అది పూర్తయ్యేదాకా కదలొద్దు.

కోర్సు అయిపోయాకే కష్టం మొదలవుతుంది. లేవాల్సిన పనిలేదు, మధ్యాహ్నం మెస్‌లో తినడమే రోజుకి మొదటి పని అవుతుంది. టెన్షన్ తగ్గించుకోవడానికి మైత్రీవనం దగ్గర ఇంకో డెమో క్లాసులో కూర్చుంటారు. జావా తర్వాత టెస్టింగ్, ఆ తర్వాత డెవ్‌ఆప్స్, ఆ తర్వాత డేటా సైన్స్. నా ముందుకొచ్చే రెజ్యూమేల్లో కోర్సుల పేర్లు వరసగా ఉంటాయి. "వీటితో ఏం చేశావమ్మా?" అంటే జవాబు రాదు. తెలివి లేక కాదు, చేసే అవకాశం రాక. ఇంటినుంచి డబ్బు అడిగే ప్రతి నెలా ధైర్యం ఇంకాస్త తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే ఎవరో వచ్చి డబ్బు కడితే బ్యాక్‌డోర్ జాబ్ ఇప్పిస్తామనో, ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టమనో అంటారు. దయచేసి ఆ వైపు వెళ్ళకండి. పీఎఫ్ రికార్డులో మీరు ఏ కంపెనీలో ఎప్పటినుంచి ఎప్పటివరకు ఉన్నారో కనబడుతుంది. చేరాక బయటపడితే ఉద్యోగమూ పోతుంది, కట్టిన డబ్బూ తిరిగి రాదు.

ఇక చిన్న ఉద్యోగం. నాకు తెలిసిన ఒకమ్మాయి బీటెక్ అయ్యాక చాలాకాలం ఖాళీగా ఉండి, కూకట్‌పల్లిలో మెడికల్ షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే చిన్న ఆఫీసులో సపోర్ట్ పనికి చేరింది. ఫోనులో షాపువాళ్ళ ఇబ్బందులు వినడం, బిల్లు ఎందుకు తప్పుగా వస్తోందో వెతకడం, అదే పని. తర్వాత ఇంటర్వ్యూలకు వెళ్ళినప్పుడు డేటాబేస్ గురించి అడిగితే, స్టాకు లెక్క ఎక్కడ తేడా వచ్చిందో, తనెలా పట్టుకుందో చెప్పేది. పుస్తకంలోని నిర్వచనం అప్పజెప్పేవాళ్ళకీ, ఇలా చెప్పేవాళ్ళకీ మధ్య తేడా అవతల కూర్చున్నవాళ్ళకి నిమిషంలో తెలిసిపోతుంది. ఆమెలో ముందు మారింది నడక, మాట. ఉద్యోగం తర్వాత వచ్చింది.

ఇంకో లాభం ఉంది. అమెరికా సామాజికవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో రాసిన ఒక వ్యాసం పేరుపొందింది. ఉద్యోగ వార్తలు చాలాసార్లు దగ్గరి స్నేహితుల కంటే ముఖపరిచయం ఉన్నవాళ్ళ ద్వారానే అందుతాయని ఆయన గమనించారు. కారణం తేలిక. ఒకే గదిలో ఉన్న నలుగురికీ అవే వాట్సాప్ గ్రూపులు, అవే ఖాళీల వార్తలు. చిన్న ఆఫీసులో క్లయింటు ఉంటాడు, మానేసి వేరే కంపెనీకి వెళ్ళిన సీనియర్ ఉంటాడు. రెఫరల్ అటునుంచే వస్తుంది.

అలాగని ఏది పడితే అది పట్టుకోవద్దు. రాత్రి షిఫ్టు వాయిస్ ప్రాసెస్‌లో (కాల్ సెంటర్ పనిలో) చేరి, పగలు నిద్రపోతూ ఇంటర్వ్యూలు వదిలేసుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. పగటి పని, మీ రంగానికి కాస్త దగ్గరగా ఉండేది చూసుకోండి. లైఫ్ సైన్సెస్ చదివినవాళ్ళకి మెడికల్ కోడింగ్ (రోగుల రికార్డులకు కోడ్‌లు వేసే పని), కామర్స్‌వాళ్ళకి ట్యాలీ పని ఉన్న అకౌంట్స్ ఆఫీసు అలాంటివే. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వమంటే, బాండు మీద సంతకం అడిగితే చేరకండి. నోటీసు పీరియడ్ ఎంతో చేరేముందే అడగండి. మూడు నెలలు అంటే, మంచి ఆఫర్ వచ్చిన రోజున అదే అడ్డం పడుతుంది.

నష్టం లేదనను. తర్వాతి కంపెనీ హెచ్‌ఆర్ మీ ఇప్పటి జీతం అడిగి, దానిమీద కొంత శాతం కలిపి ఇస్తామంటారు. "బీటెక్ చదివి ఈ జీతమా" అని చుట్టాలు అంటారు. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం అలవాటు పడిపోవడం. పొద్దున ఆఫీసుకు ముందు ఒక గంట చదువుకి, వారంలో రెండు సాయంత్రాలు అప్లై చేయడానికి తీసిపెట్టలేకపోతే ఈ దారి కూడా ఎక్కడికీ తీసుకెళ్ళదు.

ఊరెళ్ళడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా మిగతా లెక్కలన్నీ పక్కనపెట్టి ఇంటికెళ్ళండి, డాక్టరుకి చూపించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే. ఆ స్థితి లేకపోతే మాత్రం, తిరిగొచ్చే తేదీ అనుకోకుండా వెళ్ళకండి. ఇంటర్వ్యూల మొదటి రౌండ్లు ఇంటినుంచే ఆన్‌లైన్‌లో ఇవ్వొచ్చు గానీ, రోజూ "ఏం చేస్తున్నావు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ అలసిపోతారు.

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి, అంటే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలకి, చదివేవాళ్ళ సంగతి వేరు. 2022లో 503 పోస్టులతో వచ్చిన గ్రూప్-1 నోటిఫికేషన్ ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. 2024లో 563 పోస్టులతో మళ్ళీ కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. ఆ ఎదురుచూపులో వాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళ చేతుల్లోనూ ఏమీ లేదు. పరీక్ష తేదీ దగ్గర్లో ఉంటే ఉద్యోగం మాట వద్దు. గదిలో ఒంటరిగా చదివేకంటే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే సీటు పట్టుకుని, పక్కన చదివేవాళ్ళతో కలిసి టీకి లేచే రోజు మేలు. తేదీ ఎప్పుడో తెలియనప్పుడు మాత్రం సగం పూట ట్యూషనో, కోచింగ్ సెంటర్లో పేపర్లు దిద్దే పనో చూసుకోండి. సబ్జెక్టు చేతిలోనే ఉంటుంది, హాస్టల్ ఖర్చుకి ఇంటికి ఫోన్ చేయాల్సిన పని తగ్గుతుంది.