ఘాట్ రోడ్డు సీబీ సెట్ల నుంచి హ్యామ్ రేడియోకి: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తాను. మీకు రెండు మూడు బళ్లుండి, అరకు దారిలో వాటి మధ్య మాట్లాడుకోవడానికి రేడియో కావాలంటే హ్యామ్ (సరదాకి నడిపే అమెచ్యూర్ రేడియో) లైసెన్స్ జోలికి రాకండి. నేను సరిగ్గా ఆ పని కోసమే వచ్చాను. తొమ్మిదేళ్లయింది. ఆ పనిని ఇప్పటికీ పాత సీబీ సెట్లే చేస్తున్నాయి.

నాకు విశాఖలో చిన్న ట్రావెల్స్ ఉంది. పెళ్లివాళ్లో కాలేజీ పిల్లలో అరకు బయల్దేరితే రెండు మూడు బళ్లు కలిసి కదులుతాయి. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కాక ఫోన్ సిగ్నల్ మీద నమ్మకం ఉండేది కాదు. వెనక బండికి పంక్చరైతే ముందు బండి డ్రైవరు అనంతగిరిలో టీ తాగుతూ గంటసేపు ఎదురుచూసిన రోజులున్నాయి. ఆ బాధ పడలేక 2013లో ఒక జత సీబీ చేతి సెట్లు కొన్నాను.

సీబీ అంటే సిటిజన్స్ బ్యాండ్. మన దేశంలో 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు, 5 వాట్ల లోపు, లైసెన్స్ అక్కర్లేదు. సెట్టు మీద 40 ఛానెళ్లు కనిపించినా మన పరిధిలోకి వచ్చేవి మొదటి 27 మాత్రమే. 28 నుంచి పైకి వెళ్లకూడదు. ఈ సంగతి కొన్నప్పుడు నాకెవరూ చెప్పలేదు.

ఘాట్‌లో ఆ సెట్లు రెండు మూడు కిలోమీటర్లు పనిచేసేవి. కొండ అడ్డొస్తే గొంతు సన్నబడేది గానీ పూర్తిగా పోయేది కాదు. 27 మెగాహెర్ట్జ్ అల పొడవు 11 మీటర్లు. అంత పొడుగు అల మలుపు దగ్గర కాస్త వంగి వస్తుంది. అందుకే చేతి సెట్టు యాంటెన్నా కూడా చేపల గాలంలా పొడుగ్గా లాగాల్సి వస్తుంది. మా డ్రైవరు ఒకడు దాన్ని బండి కిటికీలో రెండుసార్లు విరగ్గొట్టాడు. ఇది తప్ప ఆ సెట్ల మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. పన్నెండేళ్లయినా ఇంకా పనిచేస్తున్నాయి.

నన్ను చెడగొట్టింది 2014. ఆ ఏడాది సూర్యుడి మీద మచ్చలు ఎక్కువగా ఉన్న కాలం. పదకొండేళ్లకోసారి అలా వస్తుంది. వేసవిలో ఒక మధ్యాహ్నం బీచ్ రోడ్డులో కస్టమర్ కోసం ఆగి, ఊరికే సెట్టు ఆన్ చేస్తే ఏ భాషో తెలియని మాటలు గణగణ వినిపించాయి. ఓడలోంచి అనుకున్నాను. కాదు, ఎక్కడో సముద్రం అవతల నేల మీద ఎవరో మాట్లాడుతుంటే ఆ తరంగం, మచ్చల కాలంలో బలపడే ఆకాశపు పై పొరకి తగిలి నా చేతిలోని 5 వాట్ల పెట్టెలో దిగింది. నేను బదులిచ్చాను. వాళ్లకి వినబడలేదు. పావుగంట తర్వాత అంతా మాయం. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

తర్వాత అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్. ఆ రోజు విశాఖలో ఉన్నవాళ్లకి కొత్తగా చెప్పేదేం లేదు. టవర్లు పడ్డాయి, కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఎంవీపీ కాలనీలో నేను, అక్కయ్యపాలెంలో డ్రైవరు, మధ్యలో సీబీ. ముక్కలు ముక్కలుగా వినబడింది. "బానే ఉన్నాం గురూ" అన్న మూడు మాటలు చాలు ఆ రోజుకి. కానీ రాజమండ్రిలో ఉన్న మా అమ్మకి ఆ కబురు చేరడానికి మూడు రోజులు పట్టింది.

ఆ వారంలోనే సహాయ సామగ్రి దించడానికి వెళ్లిన చోట ఇద్దరిని చూశాను. కారు బ్యాటరీకి ఒక పెట్టె తగిలించి, రెండు మోడు చెట్ల మధ్య తీగ కట్టి, హైదరాబాద్‌తో మాట్లాడుతున్నారు. పక్కగదిలోంచి మాట్లాడినంత స్పష్టంగా వస్తోంది. "ఎన్ని వేల వాట్లండీ ఇది?" అని అడిగాను. వందలోపే అన్నారు. నాకు నమ్మకం కలగలేదు. వివరం తర్వాత తెలిసింది. వాళ్లు వాడింది 7 మెగాహెర్ట్జ్. పగటిపూట అది నిటారుగా పైకెళ్లి, అయనావరణం అనే ఆ పై పొరకి తగిలి, 500 కిలోమీటర్ల చుట్టుపక్కలంతా గొడుగు పట్టినట్టు దిగుతుంది. నా 27 మెగాహెర్ట్జ్ అలా నిటారుగా పైకెళ్తే తిరిగి రాదు, అంతరిక్షంలోకి పోతుంది. వాట్లు పెంచినా ఫలితం ఉండదు.

అండమాన్ సంగతి కూడా అప్పుడే చదివాను. 2004 డిసెంబరులో భారతీ ప్రసాద్ గారి బృందం హ్యామ్ రేడియో కోసం పోర్ట్ బ్లెయిర్ వెళ్లి అక్కడుండగానే సునామీ వచ్చింది. సరదాకి పట్టుకెళ్లిన సెట్లతోనే వాళ్లు కబుర్లు చేరవేశారు. విశాఖ నుంచి అక్కడికి ఓడలు వెళ్తాయి కాబట్టి మా వీధిలో అండమాన్ చుట్టాలున్న ఇళ్లు రెండున్నాయి. ఆ కబుర్ల విలువ వాళ్లని అడగాలి.

పరీక్ష 2015లో రాశాను. బీకాం చదివినవాడికి ఓమ్స్ లా, కెపాసిటర్, సూపర్ హెటెరోడైన్ అంటే టెన్షన్ సహజం. రెండు నెలలు చదివితే చాలు. సగం రేడియో సిద్ధాంతం, సగం నియమాలు. లైసెన్స్‌లో కింది మెట్టు, నేను తీసుకున్న రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ (చుక్కలు గీతలుగా మాటలు పంపే కోడ్) అక్కర్లేదు. పై మెట్టు జనరల్ గ్రేడ్‌కి నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ రావాలి. వయసు 12 దాటితే ఎవరైనా రాయొచ్చు. ఇరవై ఏళ్లకి వెయ్యి రూపాయలు కట్టాను.

పరీక్ష సులువే, తర్వాత ఎదురుచూపే నరకం. పోలీసు విచారణ, ఫైలు, ఆ ఫైలు ఏ బల్ల మీదుందో తెలియని నెలలు. లైసెన్స్ 2016 వేసవిలో చేతికొచ్చింది. వీయూ3తో మొదలయ్యే కాల్ సైన్, అంటే గాలిలో నా గుర్తింపు పేరు. ఇప్పుడు దరఖాస్తు ఆన్‌లైన్‌లోకి వచ్చింది. అయినా ఓపిక మూటగట్టుకునే రండి. లైసెన్స్ రాకముందే సెట్టు కొని పెట్టుకుందామనుకోవద్దు. అది చట్టవిరుద్ధం.

సెట్టు సెకండ్ హ్యాండ్‌లో 38 వేలకి దొరికింది. జపాన్‌ది, 100 వాట్లు. నా గ్రేడ్‌కి 50 వాట్లే హద్దు కాబట్టి తగ్గించి వాడతాను. పవర్ సప్లై నాలుగున్నర వేలు. యాంటెన్నా మాత్రం చవక. 7.1 మెగాహెర్ట్జ్‌కి డైపోల్ అంటే మొత్తం 20 మీటర్ల తీగ, మధ్యలో కోసి కేబుల్ కలపడమే. తీగ మోటార్ రీవైండింగ్ షాపులో తూకానికి కొన్నాను. కట్టడానికి ఫిషింగ్ హార్బర్ దగ్గర వల తాడు, నిలబెట్టడానికి రెండు వెదురు బొంగులు. వెయ్యిన్నర దాటలేదు.

ఇలాంటి సెట్టుకి అంత పెట్టలేనివాళ్లకి మన హైదరాబాద్‌లోనే దారి ఉంది. అష్హర్ ఫర్హాన్ గారు రూపొందించిన బిట్‌ఎక్స్ అనే రేడియో సెట్టు సర్క్యూట్‌ని ప్రపంచమంతా కట్టుకున్నారు. ఖరీదైన ఫెరైట్ రింగులు దొరక్కపోతే ఏంటని, ప్లంబరు వాడే కుళాయి వాషర్ల మీద కాయిల్ చుట్టించిన మనిషి ఆయన. నా దగ్గర ఒకటుంది, సోల్డరింగ్ నేర్చుకున్నది దాని మీదే.

మొదటి రోజు డయల్ తిప్పితే అందరూ బాతుల్లా మాట్లాడుతున్నారు. సెట్టు పాడైందనుకున్నాను. అది ఎస్‌ఎస్‌బీ (సింగిల్ సైడ్ బ్యాండ్) అనే పద్ధతి. నా సీబీ సెట్టుది ఏఎం పద్ధతి. ఏఎంలో మాటని పూర్తిగా ఎక్కించినా మూడింట రెండు వంతుల శక్తి, మాట లేని ఒట్టి మోత తరంగానికే (క్యారియర్) పోతుంది, మిగిలిన వంతు ఒకే మాటని రెండు పక్కలా రెండుసార్లు మోస్తుంది. ఎస్‌ఎస్‌బీలో క్యారియర్‌ని, ఒక పక్కని తీసేసి మిగిలినదాన్నే పంపుతారు. అందుకే అదే శక్తితో అంత దూరం. డయల్ వెంట్రుకవాసి తిప్పితే బాతు మనిషవుతుంది. ఆ క్షణం ఎంత బాగుంటుందో చెప్పలేను.

అలవాట్లు మార్చుకోవడమే కష్టమైంది. సీబీలో మేం అవతలివాడి మాట పూర్తవకుండానే బటన్ నొక్కేసేవాళ్లం. ఇక్కడ పొద్దున్నే 40 మీటర్ల బ్యాండ్‌లో (ఆ 7 మెగాహెర్ట్జే, అల పొడవుతో పిలుస్తారు) తెలుగులో మాట్లాడుకునే పెద్దాయనొకరు మూడో రోజే పట్టేశారు. "నేను ఓవర్ అన్నాక రెండు సెకన్లు ఆగు నాయనా. మధ్యలో ఎవరికైనా అత్యవసరం ఉంటే దూరడానికి సందు ఉండాలి కదా" అన్నారు. అంతవరకు నాకు ఆ ఆలోచనే రాలేదు. కాల్ సైన్ చెప్పకుండా నోరు విప్పకూడదు, మాట్లాడినదంతా పుస్తకంలో రాయాలి, పాటలు వేయకూడదు. వ్యాపారం మాటలు అసలే కూడదు.

నా పథకం అక్కడే కూలింది. ట్రిప్పు, బేరం, కస్టమరు ఎక్కడ, డీజిల్ ఎంత, ఇవన్నీ వ్యాపారం కిందకే వస్తాయి. పైగా డ్రైవర్లకి లైసెన్స్ లేదు, మైకు వాళ్ల చేతికివ్వకూడదు. వాళ్లని పరీక్ష రాయమంటే ఒకడు "ఉన్న ఆర్టీవో లైసెన్సుతోనే చస్తున్నాం సార్" అన్నాడు. బళ్ల కోసమే అయితే సీబీ కాకుండా ఇప్పుడు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వాకీటాకీలకి కూడా లైసెన్స్ అక్కర్లేదు. ఆ సెట్టుకి ప్రభుత్వ ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ ఉందో లేదో చూసి కొనండి. ఆన్‌లైన్‌లో చవగ్గా కనబడేవన్నీ ఆ కోవలోవి కావు. 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ వీటి అమ్మకాల మీద మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది ఇందుకే.

విశాఖలో హ్యామ్‌కి మొదటి శత్రువు ఉప్పుగాలి. ఇది ఎంత చెప్పినా తక్కువే. మొదటి ఏడాది డాబా మీది కనెక్టర్ నాలుగు నెలల్లో చిలుము పట్టింది. కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) లోపలికి తడి పోయి జడ తీగ నల్లబడింది. రిసీవింగ్ బాగానే ఉంటుంది, అందుకే తెలియదు. యాంటెన్నా ఎంత శక్తిని వెనక్కి కొడుతోందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ పెట్టి చూస్తే, హద్దు మీరి 3 దాటేసింది. ఇప్పుడు ప్రతి కలయికకీ వాసెలిన్ రాసి, రబ్బరు టేపు సాగదీసి చుట్టి, పైన మామూలు టేపు వేస్తాను. దీపావళికి ఒకసారి, ఉగాదికి ఒకసారి విప్పి చూస్తాను. మీటర్ కొనకుండా సెట్టు కొనొద్దు.

రెండో శత్రువు కరెంటు మోత. పక్క అపార్ట్‌మెంట్‌లో చవక ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు, ఒక సోలార్ ఇన్వర్టర్. సాయంత్రం ఆరయ్యేసరికి 40 మీటర్ల మీద జోరున వాన పడుతున్నట్టు ఉంటుంది. సీబీ రోజుల్లో ఈ బాధ ఇంతగా తెలియలేదు. అందుకే నా సంచారమంతా తెల్లవారుజాము ఐదున్నర నుంచి ఏడు.

నేనూ ఇతరులకి బాధే. ఎదురింటి పిన్ని ఒకరోజు గేటు దగ్గర ఆపి, "ఏటి బాబూ, మా సౌండు బాక్సులోంచి నువ్వు మాట్లాడుతున్నావేటి? దేవుడి పాటలు పెడితే హలో హలో అంటన్నావు" అంది. సీరియల్ మధ్యలో కూడా వచ్చానట. స్పీకర్ వైరుకి రేడియో తరంగాన్ని ఆపే ఫెరైట్ ముక్కలు తగిలించాను, ఆ ఇంటివైపు పోయే తీగ చివరని పైకెత్తాను. తగ్గింది. పిన్నికి మాత్రం నేను దొంగచాటుగా ఏదో చేస్తున్నానన్న అనుమానం ఇంకా పోలేదు.

మరి ఎందుకు వదల్లేదంటే రెండు సంగతులు చెప్తాను. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన మీదుగా పోతూ 145.800 మెగాహెర్ట్జ్ మీద బొమ్మలు పంపుతున్న రోజులు. మూడు వేల రూపాయల చేతి సెట్టు పట్టుకుని డాబా ఎక్కాం. దాని స్పీకర్ దగ్గర ఫోన్ పెట్టింది. కీచుకీచుమనే శబ్దం. ఫోన్ తెర మీద గీత గీతగా బొమ్మ దిగింది, సగంలో కేంద్రం సింహాచలం కొండ వెనక్కి వాలిపోయి మిగతా సగం ఇసకైపోయింది. ఆ సగం బొమ్మని ప్రింట్ తీయించి గోడకి అంటించింది.

రెండోది 2024 మే 11, శనివారం. ఎన్నికల ప్రచారానికి అదే ఆఖరి రోజు. పొద్దున్నే సెట్టు ఆన్ చేస్తే ఏ బ్యాండ్‌లోనూ పిట్ట కూత లేదు. చిలుమే అనుకుని డాబా ఎక్కి కనెక్టర్లన్నీ విప్పాను, ఎండలో రెండు గంటలు. కింద వీధిలో మైకుల హోరు. కనెక్టర్లు తళతళా మెరుస్తున్నాయి. తర్వాత తెలిసింది, రాత్రి సౌర తుఫాను వచ్చిందని. 2003 తర్వాత అంత పెద్దది అదేనట, లడఖ్‌లో ఆకాశం ఎర్రబడింది. 15 కోట్ల కిలోమీటర్ల అవతల జరిగినదానికి నేను మా డాబా మీద స్పానర్ పట్టుకుని తిరిగాను.

ఘాట్‌లో గాలికొండ దగ్గర ఆగినప్పుడల్లా 2 మీటర్ల బ్యాండ్ (145 మెగాహెర్ట్జ్ దగ్గరిది) చేతి సెట్టు తీస్తాను. అక్కడి నుంచి ఎదురుగా మైదానమంతా తెరుచుకుంటుంది కాబట్టి 5 వాట్లతో 60 కిలోమీటర్ల అవతల విశాఖలో ఉన్న మిత్రుడు చక్కగా వస్తాడు. అదే సెట్టు ఇంట్లోంచి పెందుర్తికి అందదు, మధ్యలో సింహాచలం కొండ. నేను ఆయనతో వాతావరణం మాట్లాడుతుంటే, పది గజాల అవతల మా డ్రైవరు సీబీలో వెనక బండిని "మలుపు దగ్గర లారీ ఆగింది, నెమ్మదిగా రా" అని కేకేస్తుంటాడు. ఆ సీబీ యాంటెన్నా కొస మళ్లీ విరిగింది. మోర్స్ ఇంకా నిమిషానికి ఐదు మాటల దగ్గరే ఉన్నాను.